తడబాటు పాఠాలు

సొంత భాష రానట్టు మాట్లాడటానికి కూడా ట్యూషన్ చెప్పే రోజులొచ్చాయని చింగ్-లాంకి ఆ వేసవి దాకా తెలియదు. తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు వారం తిరక్కుండానే ఏడుపైంది.

పిల్ల చదివేది కొండమీది బడి. నాలుగో ఫారం పూర్తయ్యాక అక్కడ దారి రెండుగా చీలుతుంది. హాంకాంగ్ పిల్లలు మామూలుగా రాసే డీఎస్ఈ పరీక్ష ఒకటి, ఏ దేశంలోనైనా చెల్లే ఐబీ ఇంకొకటి. ఒకసారి అడుగు పెడితే ఆఖరి రెండేళ్లూ అందులోనే ఉండాలి, మధ్యలో మనసు మార్చుకోవడాలు కుదరవు. చింగ్-లాం ఐబీ కావాలంది. తనకు నచ్చిన ప్రశ్న ఒకటి పట్టుకుని దాని మీద పెద్ద వ్యాసం రాయనిస్తారని, ల్యాబులో తన ప్రయోగం తనే చేసుకోనిస్తారని ఆ పిల్ల ఆశ. వాళ్లమ్మ లై-కూన్ కూడా ఐబీయే అంది. తల్లీ కూతుళ్లు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అపురూపం. షెంజెన్‌లో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి ఇంటికొచ్చే తండ్రి ఈ సంగతి విని హాయిగా ముసుగుతన్ని పడుకున్నాడు.

లై-కూన్ లెక్క వేరు. డీఎస్ఈలో చైనీస్ పరీక్షకి పిల్లలు పెట్టుకున్న పేరు 'చావు పేపరు'. లెక్కల్లో, సైన్సులో చురుకైన పిల్లలు దాని దగ్గరికొచ్చి బోర్లా పడటం ఆమె కళ్లారా చూసింది. ఐబీలో ఆ బాధ తప్పించుకోవచ్చు. అక్కడ చైనీస్‌ని మొదటి భాషగానైనా తీసుకోవచ్చు, రెండో భాషగానైనా తీసుకోవచ్చు. మొదటి భాషంటే నవలలు, పాత పద్యాలు, వాటి మీద పేజీలకు పేజీలు విమర్శ. రెండో భాషంటే ఎక్కడినుంచో వచ్చినవాళ్లకి "స్టేషన్‌కి ఎటు వెళ్లాలి?", "సెలవులు ఎలా గడిపావు?" లాంటివి నేర్పడానికి పెట్టింది. మాటలొచ్చిన నాటినుంచీ ఇంట్లో హాంకాంగ్ చైనీస్, అంటే కాంటనీస్ తప్ప ఇంకోటి ఎరగని పిల్ల ఆ పరీక్ష రాస్తే ఏడుకి ఏడు రాక ఏమవుతాయి?

"మొదటి భాషలో నీకు ఐదొస్తుంది. రెండో భాషలో ఏడు. ఆ రెండు మార్కులే ఫార్మసీ సీటు తెస్తాయి, ఆ రెండే ఊడగొడతాయి" అంది లై-కూన్.

"నేను ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగినదాన్ని కదమ్మా. నాకది రెండో భాష ఎలా అవుతుంది?"

"అందరూ అదే చేస్తున్నారే! నువ్వొక్కదానివే నీతిమంతురాలివా?"

లై-కూన్ ఇళ్లు అమ్మించే కంపెనీలో ఏజెంటు. వంటింటి కిటికీలోంచి మెడ సాచి చూస్తే తప్ప కనిపించని సముద్రాన్ని చూపించి ఇల్లు అమ్మేయగలదు. పదహారేళ్ల కూతుర్ని ఒప్పించడం ఆమెకొక పనా! చింగ్-లాం సరేనంది.

అయితే బడివాళ్లు మరీ అంత అమాయకులేం కాదు. రెండో భాష అడిగిన ప్రతి పిల్లనీ, పిల్లాణ్నీ చైనీస్ చెప్పే సీటో సార్ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించి చూస్తారు. గడగడా మాట్లాడితే, "ఇంత బాగా వచ్చినదానికి రెండో భాష ఎందుకమ్మా?" అని మొదటి భాషలోకి తోసేస్తారు. అందుకే ట్యూషన్.

ఆ ట్యూషన్ చెప్పేది డెస్మండ్ సార్. బస్సుల మీద నిలువెత్తు ఫొటో వేయించుకునే మనిషి. "మీకు భాష రాకపోవడం కాదు సమస్య. మరీ బాగా రావడమే సమస్య. దాన్ని కొంచెం చెడగొట్టుకుందాం" అన్నాడు మొదటి రోజే, జుట్టు సవరించుకుంటూ.

ఆయన దగ్గర కిటుకులు చాలా ఉన్నాయి. పెద్ద మాట నోటిదాకా వస్తే మింగేయాలి. గొంతు పైకి లేవాల్సిన చోట కిందికి దించాలి. అన్నిటికన్నా గొప్పది లెక్కమాటల కిటుకు. కాంటనీస్‌లో అంకెకీ వస్తువుకీ మధ్య ఒక లెక్కమాట రావాలి, ఒక్కో రకానికి ఒక్కోటి. చేపని లెక్కపెట్టేటప్పుడు 'తియు' అనాలి, కోడికి 'జెక్' అనాలి, గొడుగుకి 'బా' అనాలి. తెల్లవాళ్లకి అవి గుర్తుండవు. మనుషులకి వాడే 'గో' ఉంది చూడండి, అది తెచ్చి అన్నిటికీ తగిలించేస్తారు. వినేవాళ్లకి 'ఇద్దరు కుర్చీలు, ముగ్గురు వంకాయలు' అన్నట్టుంటుంది.

"లెక్కమాట దగ్గర ఆగాలి. గుర్తుకు రానట్టు పైకి చూడాలి. ఆ తర్వాత 'గో' అనాలి. అంతే, నువ్వు లండన్‌లో పుట్టావని ఎవరైనా నమ్మేస్తారు. ఏదీ, చెప్పు."

"ఒక... గో... చేప" అంది చింగ్-లాం.

"అద్భుతం! మళ్లీ చెప్పు. ఇంకొంచెం బాధపడుతూ."

క్లాసంతా పడీ పడీ నవ్వింది. చింగ్-లాం కూడా నవ్వింది. ఇంటికొచ్చే ట్రాములో తనలో తనే అనుకుని మళ్లీ నవ్వుకుంది.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. లై-కూన్ తల్లి, చింగ్-లాంకి పోపో, అంటే అమ్మమ్మ. షావ్‌కేవాన్ బజారులో చేపలమ్ముతూ జీవితమంతా నోటితోనే నెగ్గుకొచ్చిన మనిషి. అరగంట బేరమాడి కొనకుండా వెళ్లేవాళ్లని సందు మలుపు దాకా మాటలతోనే సాగనంపేది. ఆ తిట్లు వినడానికి పక్క దుకాణాలవాళ్లు చేతిలో పని ఆపేసేవాళ్లు. మొన్న చలికాలం పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి. మాట రాలేదు.

"మాటలన్నీ లోపలే ఉన్నాయి. బయటికొచ్చే దారే మూసుకుపోయింది. రోజూ కూర్చుని ఒక్కొక్కటే బయటికి లాగాలి" అంది ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి.

లాగే పని చింగ్-లాందే. బడినుంచి రాగానే వంటింటి బల్ల మీద బొమ్మలు పరిచి పోపో ఎదురుగా కూర్చునేది. చేప బొమ్మ చూపిస్తే పోపో దాని వంక తేరిపార చూసి, పెదవి ఒక పక్కకి లాగి, నుదురంతా చెమట పట్టి, "ఒక... గో..." అని ఆగిపోయేది. తప్పని తనకి తెలుసు. తెలిసే బల్ల మీద ఫట్‌మని కొట్టేది. బతుకంతా చేపలమ్మిన మనిషికి చేప లెక్కమాట నోటికి రాకపోతే ఎంత కష్టంగా ఉంటుందో చెప్పండి! "తియు, పోపో. ఒక తియు చేప" అని పిల్ల అందించేది. ఒకరోజు వచ్చిన మాట మర్నాటికి పోయేది. అయినా వసంతకాలం దాటేసరికి పోపో నోట్లో కొన్ని మాటలు నిలబడ్డాయి. టీ అడిగేది. టీవీలో వార్తలు చదివేవాణ్ని "వెధవ" అనేది. వెధవ అన్న రోజున చింగ్-లాం ఇల్లంతా గెంతింది.

ఆ శుక్రవారం లై-కూన్ ఆఫీసునుంచి ఫోన్ చేసింది. "సోమవారమే సీటో సార్ దగ్గరికి. ప్రాక్టీసు చేశావా లేదా?"

ఆ ఇంట్లో గట్టిగా తలుపు పడేది స్నానాల గదికొక్కదానికే. చింగ్-లాం అందులోకెళ్లి అద్దం ముందు నిలబడింది. "ఒక... గో... చేప. ఒక... గో... కోడి. నాకు... ఇష్టం... తిను... చేప." ఇంకొంచెం బాధపడుతూ చేసింది. పైకి చూసింది, పెదవి ఒక పక్కకి లాగింది, గాలి మింగింది. అద్దంలో చూసుకుంటే నమ్మేటట్టే ఉంది. తలుపు తీసేసరికి ఎదురుగా పోపో, చేతిలో తువ్వాలుతో నిలబడి ఉంది.

పోపో తువ్వాలు అక్కడే పడేసింది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని వెళ్లి, మంచం మీద గోడ వైపుకి ఒత్తిగిలి పడుకుంది.

అప్పుడర్థమైంది పిల్లకి. తను అద్దం ముందు చేసింది లండన్‌లో పుట్టినవాళ్ల తడబాటు కాదు. ఆ ఆగడం పోపోది. ఆ పెదవి వంకర పోపోది. రోజూ ఎదురుగా కూర్చుని చూసీ చూసీ, తనకి తెలియకుండానే అచ్చంగా దింపేసింది. పరిగెత్తి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"పోపో, నిన్ను వెక్కిరించలేదు. ఒట్టు. అది పరీక్ష కోసం. మాట బాగా వచ్చిందంటే కష్టమైన పరీక్షలో వేస్తారు, మార్కులు తగ్గుతాయి. రాదన్నామనుకో, తేలిక పరీక్షలో..." చెబుతుంటే తనకే పిచ్చివాగుడులా వినిపించింది.

పోపో పూర్తిగా విని, "అబద్ధం" అంది. ఆ ఒక్క మాటా ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఎవరు మాత్రం నమ్ముతారు? పరీక్షలో గెలవాలంటే రావాలి గానీ, రాకూడదంటే నమ్మడానికి పోపో ఏమన్నా నిన్న పుట్టిందా? సాయంత్రం లై-కూన్ కూడా చెప్పి చూసింది. తల్లీ కూతుళ్లు కూడబలుక్కుని వచ్చారనుకుంది పోపో. శనివారం బల్ల మీద బొమ్మలు పరిస్తే వాటిని ఒక్కొక్కటే బోర్లించింది. టీ కావాలంటే కప్పు వైపు వేలు చూపించింది. ఆదివారం వార్తలవాణ్ని కూడా ఏమీ అనలేదు. మాటలు నేర్పే అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు గనక మానేస్తే వచ్చినవి కూడా పోతాయి, ఎలాగైనా మాట్లాడించండి" అంది.

ఆ రాత్రి భోజనం దగ్గర చింగ్-లాం చెప్పేసింది. "అమ్మా, నేను మొదటి భాష తీసుకుంటాను."

లై-కూన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "జ్వరం గానీ వచ్చిందా?"

"ఐదొస్తే ఐదు."

"ఐదొస్తే ఫార్మసీ రాదు. పోపో సంగతి నాకొదిలేయ్. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, తర్వాత మామూలే. ఆవిడ అలకలు నాకు కొత్తా?"

"అలక కాదమ్మా. మాట్లాడటమే మానేసింది. ఆ బొమ్మలు పట్టుకుని ఆవిడ చెమటలు కక్కుతుంటే ఎదురుగా కూర్చుంటున్నది నేను. నువ్వు ఒక్కరోజన్నా కూర్చున్నావా?"

"కూర్చోలేదు. ఎందుకో తెలుసా?" లై-కూన్ గొంతు పెరిగింది. "మా అమ్మ నోరు విప్పితే బజారు బజారంతా హడలిపోయేదే. ఆ నోటితో ఆవిడ గో, గో అని కూడబలుక్కుంటుంటే నేను వినలేను. వినలేనంతే. ఇంక నన్నడక్కు. రేపు సీటో సార్ ముందు తడబడుతున్నావు. అయిపోయింది."

"తడబడను."

"ఎలా తడబడవో చూస్తాను!"

చింగ్-లాం గిన్నెలు తీసి కడిగేసింది. మనసు కుదుటపడింది.

సోమవారం పొద్దున పోపోని ఆస్పత్రిలో చూపించాల్సి కూడా ఉంది. ఆస్పత్రినుంచి టాక్సీలో ముగ్గురూ తిన్నగా బడికే వెళ్లారు. వరండా నిండా తల్లులు, పిల్లలు. పిల్లలందరి పెదాలూ కదులుతున్నాయి. ఒక్కొక్కరే లోపలికెళ్లి, "నేను... ఉండు... కౌలూన్" అని వచ్చి, తల్లుల వంక చూసి కన్నుగొడుతున్నారు. గది తలుపు తెరిచే ఉంచాలని బడి నియమం. దానికి ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంటే లై-కూన్ పోపోని అందులో కూర్చోబెట్టింది. లోపల తడబడి వచ్చేవాళ్లంతా నిజంగానే భాష రాని పిల్లలనుకుంది పోపో.

తన వంతు దగ్గరపడుతుండగా చింగ్-లాంకి అసలు మెలిక తట్టింది. ఇప్పుడు లోపలికెళ్లి తడబడిందనుకో, పోపో కళ్లారా చూస్తుంది. ఓహో, పిల్ల చెప్పింది నిజమే, ఇలాంటి పరీక్ష ఉంది, నన్ను వెక్కిరించలేదు అనుకుంటుంది. అమ్మ కోరికా తీరిపోతుంది. గడగడా మాట్లాడిందనుకో, పరీక్షా లేదు, గిరీక్షా లేదు, నన్ను ఆట పట్టించడానికే ఆ వేషాలన్నీ అని పోపో ఖాయం చేసేసుకుంటుంది. ఇక ఈ జన్మలో నమ్మదు. ఎంత అన్యాయం! నిజాయితీ నిరూపించుకోవాలంటే అబద్ధం ఆడాలి. చింగ్-లాం కుర్చీలో ఉన్న పోపోని చూసింది. పోపో ఇటు చూడటం లేదు.

"చింగ్-లాం!" అని లోపలినుంచి పిలుపొచ్చింది.

"గుర్తుందిగా? ఆగు, పైకి చూడు" అంది లై-కూన్ చెవిలో.

సీటో సార్ కళ్లజోడు తుడుచుకుంటున్నారు. పొద్దుట్నుంచీ విన్న తడబాట్లకి ఆయన మొహం వడిలిపోయింది. బల్ల మీదున్న ఫొటో ముందుకి జరిపారు. బజారులో చేపల దుకాణం ఫొటో. "ఏం కనిపిస్తోందో చెప్పమ్మా. తోచినంతే చెప్పు, కంగారు లేదు."

చింగ్-లాం ఫొటో చేతిలోకి తీసుకుంది.

"చేపలమ్మే దుకాణం సార్. దుకాణంవాడు దొంగ. ముందు వరసలో పెట్టిన నాలుగు 'తియు' చేపలూ నిన్నటివి. కళ్లు చూడండి, తెల్లబడి లోపలికి పోయాయి. మంచివి వెనక నీళ్లలో దాచాడు, అడిగినవాళ్లకే తీస్తాడు. ఈ పక్కన సంచీ పట్టుకున్నావిడకి ఆ సంగతి తెలుసు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది చూడండి, కాసేపట్లో వాడికి తిట్లు ఖాయం."

సీటో సార్ చేతిలో కళ్లజోడు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత పెద్దగా నవ్వేశారు. "నువ్వు అడిగింది రెండో భాష కదూ?"

"మా అమ్మ అడిగింది సార్. నేను మొదటి భాష అడుగుతున్నాను." చింగ్-లాం లేచి నిలబడింది. వరండాలోకి వినపడాలని గొంతు పెంచింది. "రాని భాషలా మాట్లాడటం ట్యూషన్‌లో నేర్చుకుని మరీ వచ్చాను. బయట కూర్చున్నావిడ మా పోపో. జబ్బు చేసి పోయిన మాటల్ని ఆవిడ రోజుకొకటి ఏరుకుంటున్నారు. నేనేమో ఉన్నవాటిని పారేయడం నేర్చుకుంటున్నాను. నేను ప్రాక్టీసు చేస్తుంటే ఆవిడ విన్నారు. వెక్కిరిస్తున్నాననుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను సార్. నాకొద్దు ఆ ఏడు. మొదటి భాషలో ఐదొచ్చినా సరే, నాలుగొచ్చినా సరే."

"నాలుగు రాదులే" అన్నారు సీటో సార్ మెల్లగా. "ఐదుకి నేను పూచీ. ఆపైన నీ కష్టం."

అప్పుడు దూసుకొచ్చింది లై-కూన్. "సార్, సార్, రాసేయకండి! పిల్ల కంగారుపడింది. ఇంకొక్కసారి అడగండి. ఇంట్లో చక్కగా తడబడుతోంది సార్, నిన్న మొన్నటిదాకా ఎంత బాగా..." అని, తనేమంటోందో తనకే తెలిసి నోరు మూసుకుంది.

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. పోపో తలెత్తింది. కూతుర్ని చూసింది, మనవరాల్ని చూసింది. చింగ్-లాం ఎంత ఒట్టేసినా నమ్మనిది, కూతురి నోటినుంచి జారిన ఆ ఒక్క ముక్కతో నమ్మింది. చేతికర్ర ఆనించుకుని లేచి గుమ్మం దాకా వచ్చింది.

"ని... జం... చెప్పింది... ఇది" అంది పిల్లకేసి చూస్తూ.

మూడు రోజుల తర్వాత మాట! పోపో అంతటితో ఆగలేదు. కర్ర ఎత్తి కూతురి వైపు చూపించింది. మొహం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. హాంకాంగ్‌లో ప్రతి తల్లీ ఎప్పుడో ఒకప్పుడు పిల్లల్ని తిట్టే తిట్టే అది. గుక్క తిప్పుకోకుండా తిట్టాల్సింది, పోపో ఒక్కో మాటా మోసుకొచ్చి పెట్టింది.

"కూన్... నిన్ను... కనేకన్నా... ఒక..." ఆగింది. పెదవి ఒక పక్కకి లాగింది. పైకి చూసింది. "ఒక... గో... కాల్చిన... పందిమాంసం ముక్కని... కని ఉంటే... బాగుండేది!"

వరసలో నిలబడ్డ ఒక తల్లి, మంచి బట్టలు కట్టుకున్నావిడ, పక్కనున్న కూతుర్ని మోచేత్తో పొడిచింది. "విన్నావా? 'గో' ముందు ఎలా ఆగిందో చూశావా? పైకెలా చూసిందో! ఆవిడెవరో గానీ భలే చేసి చూపిస్తోంది. నువ్వూ అచ్చం అలాగే చెయ్యి."

రహస్యంగా అన్నాననుకుంది గానీ, అందరికీ వినపడింది. లై-కూన్‌కీ వినపడింది.

లై-కూన్ మొహంలో రంగు పోయింది. ఆ తల్లి వైపు తిరిగింది.

"చేసి చూపించడం లేదండీ" అంది. "ఆవిడ మా అమ్మ. నన్ను తిడుతోంది."

ఆ తల్లి గతుక్కుమని కూతురి వెనక్కి తప్పుకుంది. లై-కూన్ వచ్చి పోపో ఎదురుగా నిలబడి, ఎత్తిన కర్రని రెండు చేతులతో పట్టుకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆపకమ్మా, తిట్టు. ఎంతసేపైనా తిట్టు. వింటున్నాను."

సీటో సార్ తర్వాతి పిల్లని పిలవలేదు. పోపో గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టింది.